వెలగని మీటర్లు, వెలిగే వినాయకుడు

అయ్యలారా, అమ్మలారా! బండి మీటర్లలో లైట్లు వెలగకపోవడం రిపేరు కాదు, వరం. ఆ వరం పొందినవాణ్ని కాబట్టి ఘంటాపథంగా చెబుతున్నాను.

నా వ్యాను బాగా పాతది. చీకటి పడితే దాని మీటర్లలో ఒక్క అంకె కనపడదు. ఎంత ప్రశాంతతో! వేగం తెలియదు కాబట్టి అతివేగం అన్న మాటే లేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ తాయారు "ఏటా తోలడం, ఎనబై దాటేసినావు" అనడానికి సాక్ష్యం లేదు. ఇంజను వేడి తెలియదు, గుండెదడ లేదు. డీజిలు ఎంతుందో తెలియదు, కాబట్టి ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే!

మన భోగాపురంలో విమానాలు దిగుతాయంటున్నారు కదా, ఆ పైలట్ల గురించి ఆలోచించండి. కళ్ల ముందు వంద దీపాలు! ఒక్కటి ఎర్రబడితే పాపం, ఆ మనిషికి ముద్ద దిగుతుందా?

పగలు చూసుకోవచ్చుగా అంటారా? పగలంతా నా బండి జీడిమామిడి చెట్టు నీడలో ఉంటుంది. ఎండలో తిప్పితే ఏమైపోతుందోనని భయం.

తాయారుకి మాత్రం ఈ వేదాంతం ఎక్కలేదు. ఆమె అన్న కూతురు యమున నర్సింగు చదివి, ఎన్నాళ్లుగానో ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. చివరికి హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఇంటర్వ్యూకి పిలిచింది. మాది కళింగపట్నం దగ్గర ఊరు. ఇంటర్వ్యూకి అందే ఒక్క రైలు కోటబొమ్మాళిలో, పొద్దుపోయాక. ఎక్కించే బాధ్యత నాది.

"ఆ మీటర్లు బాగుసేయించి మరీ తీసుకెల్లు. దార్లో బండాగిపోతే పిల్ల బతుకాగిపోతాది" అంది తాయారు. సరేనని మెకానిక్ పోతురాజు దగ్గరికి వెళ్లాను.

పోతురాజు ఫ్యూజు చూశాడు. బాగుంది. బల్బులు చూశాడు. నిక్షేపంలా ఉన్నాయి. స్టీరింగు పక్కన వెలుతురు పెంచే మర ఇటూ అటూ తిప్పాడు. లాభం లేదు. ఆఖరికి డాష్‌బోర్డు విప్పి, తీగ పట్టుకుని వెతుక్కుంటూ పోతే, అది తిన్నగా వినాయకుడి పాదాల దగ్గర తేలింది!

డాష్‌బోర్డు మీద దేవుడు లేని బండి మన జిల్లాలో ఉందా? నా బండిలో స్వామికి తల వెనక తిరిగే చక్రం, చుట్టూ రంగురంగుల బల్బులు. పోయిన దసరా పూజకి సీటు కవర్ల చినబాబు బిగించాడు. ఆ బల్బులకి కరెంటు ఎక్కణ్నించి తెచ్చావని నేను అడగలేదు. దేవుడి విషయంలో లెక్కలు అడుగుతామా? చినబాబు మీటర్లకి వెళ్లే తీగ కోసేసి, స్వామికి కలిపాడు.

"రెండిటికీ కలిపెయ్యొచ్చుగా?" అన్నాను.

"పీజు ఎగిరిపోతాది బాబూ. దేవుడో మీటరో, ఏదో ఒకటే. దేవుడి దీపం నాను మాత్రం కొయ్యను, పిల్లలు గలోన్ని" అని పోతురాజు చేతులు కట్టుకున్నాడు.

తాయారుకి ఫోన్ చేశాను. బాగుచేయించమన్న మనిషే "మంచి పనికెల్తూ దేవుడి దీపం ఆర్పేస్తావేటి?" అంది. నాకూ న్యాయంగానే తోచింది. పిల్ల ఇంటర్వ్యూకి వెళ్తుంటే విఘ్నాలు తొలగించే స్వామి వెలగాలా, డీజిలు ముల్లు వెలగాలా? మీరే చెప్పండి!

ప్రయాణం దివ్యంగా మొదలైంది. యమున సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యలో "మావా, డీజిలున్నాదా?" అంది. "సామి ఉన్నాడే!" అన్నాను.

కోటబొమ్మాళి ఇంకాస్త దూరం ఉందనగా బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. అటూ ఇటూ వరిచేలు. వినాయకుడి చక్రం మాత్రం భేషుగ్గా తిరుగుతోంది. ఎలాగో ఆటో దొరికించుకుని స్టేషన్ చేరేసరికి, వెళ్లిపోతున్న రైలు వెనక ఎర్రదీపం కనిపించింది. రైల్వేవాళ్లకి ఇంకా దీపాలు వెలిగించుకునే పాత అలవాటుంది.

ఆ ఆటోలోనే డీజిలు తెచ్చి బండిలో పోసుకుని ఇంటికొచ్చాక ఊరంతా ఓదార్చింది. "దానికా ఉజ్జోగం రాసిపెట్టి లేదు" అన్నాడు పక్కింటి నరసింగరావు. ఎండుచేపలమ్మే గున్నమ్మ "గ్రెహాలు బాగోలేవమ్మా" అని నిట్టూర్చింది. అందరికంటే గట్టిగా తల ఊపింది నేనే. విధి ఎంత మంచిదో చూడండి! తీగ కోసినవాడి తప్పూ, ట్యాంకు నింపనివాడి తప్పూ, మారుమాట లేకుండా తనే మోస్తుంది. ఇంత చవకగా తప్పులు మోసే కూలి ఇంకెక్కడ దొరుకుతుంది?

యమున మాత్రం కళ్లు తుడుచుకుని, లోపలికెళ్లి కత్తెర తెచ్చి, వ్యానులో దూరి వినాయకుడి తీగ కత్తిరించేసింది. చక్రం ఆగిపోయింది.

"ఒసే! దేవుడి దీపమే అది!" అని తాయారు గుండెలు బాదుకుంది.

"దేవుడికి సీకట్లో కూడా కనబడతాదత్తా" అంది యమున, నా వైపు చూడకుండానే. "కనబడంది మావకే."