ఎర్ర కేంద్రకం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ. గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, సైన్సుకు సంబంధించింది.

జంతుకణంలో కేంద్రకం ఎర్రగా ఉంటుందని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది పెదకాకాని అవతల మా ఊరి హైస్కూల్లోనే. ఈ వార్త మీదాకా వచ్చి ఉండదు.

స్కూల్లో ఒక మైక్రోస్కోపు ఉంది. వాడితే పాడవుతుందని పదకొండేళ్ళుగా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏడాదికి రెండుసార్లు బయటికి తీస్తారు, ఆయుధపూజకు ఒకసారి, ప్రాక్టికల్ పరీక్షకు ఒకసారి. పూజనాడు అటెండరు బుడే దానికి దండ వేసి, పిల్లలు కన్నుపెట్టి చూసే అద్దానికి నిండుగా కుంకుమబొట్టు పెడతాడు. పరీక్షనాడు పిల్లలు వరసగా వచ్చి, అందులోంచి చూసి, నడిమధ్యన ఎర్రటి గుండ్రని పదార్థాన్ని గమనించి, బొమ్మ గీసి, ఇరవైకి ఇరవై తెచ్చుకుంటారు.

ఎరుపెందుకని ఎవరో పిల్ల అడిగితే సైన్సు మాస్టారు శేషాచలం గారు ఊరికే కసురుకోలేదు. రెండు రోజులు ఆలోచించి నోట్సు చెప్పారు: "ఈ ప్రాంత ప్రజలు మిరపకాయలు అధికముగా భుజించుట వలన కేంద్రకము ఎర్రగా ఉండును." తనిఖీకి వచ్చిన అధికారి అది చదివి, స్థానిక పరిశోధన అంటే ఇలా ఉండాలని రిజిస్టర్లో రాసి, పండుమిరప పచ్చడితో భోంచేసి వెళ్ళారు.

నా మనవరాలు రాగసుధ తొమ్మిదో తరగతి. ఈ ఏడు సైన్సులో మొదట వచ్చినవాళ్ళకు గుంటూరు హాస్టల్లో ఉచితంగా సీటు. రాకపోతే నాతోపాటు పత్తితీతకు నడుముకు సంచి కట్టుకోవాలి. మా ఇంట్లో మూడో దారి లేదు.

ఆదివారాలు చేలో నా పక్క సాలు పట్టుకుని పాఠం వల్లించేది. పైపొర ఎవరు లోపలికి రావాలో ఎవరు బయటికి పోవాలో చూస్తుందట. మైటోకాండ్రియా శక్తి పుట్టిస్తుందట. రైబోజోములు మాంసకృత్తులు తయారుచేస్తే, గాల్జీ వాటిని మూటగట్టి పంపుతుందట. లైసోజోములు చెత్తను కరిగిస్తాయట. కేంద్రకం అందరినీ నడుపుతుందట. ఒకే చోట ఇంతమంది ఉండి అందరూ పని చేస్తున్నారంటే నేను మొదట నమ్మలేదు.

పరీక్షనాడు ఈ పిల్ల చెయ్యకూడని పని చేసింది. మసగ్గా ఉందని చున్నీ కొసతో అద్దం తుడిచింది. తన బుగ్గ లోపల పుల్లతో గీకి, నీలిమందు చుక్క వేసి చూసింది. పల్చటి పొర, లోపల ద్రవం, ఒక పక్కకు ఒరిగిన చిన్న నీలిచుక్క. అంతే కనిపించింది, అంతే గీసింది. "మిగతావి ఈ మైక్రోస్కోపులో కనిపించలేదు" అని కింద రాసింది కూడా.

మార్కులు సున్నా. నన్ను పిలిపించారు.

"సుబ్బలక్ష్మమ్మా, మీ మనవరాలు కేంద్రకాన్ని చున్నీతో తుడిచేసింది," అన్నారు మాస్టారు.

తలుపు దగ్గర నిలబడ్డ బుడే గొణిగాడు. "అది నేను పెట్టిన బొట్టండీ. దానికి నుదురెక్కడో తెలీక కన్ను మీద పెడుతున్నా."

"ఒరేయ్ బుడే, నువ్వు అటెండరువి. సైన్సులో వేలు పెట్టమాక."

"వేలితోనే కదండీ పెట్టింది."

నేను నెమ్మదిగా అన్నాను. "మాస్టారూ, పిల్ల కళ్ళారా చూసిందండీ."

"అది చూసింది దాని బుగ్గలో కణం. పరీక్షకొచ్చేది సిలబస్ కణం. పదకొండు బ్యాచీలు ఎర్రగా గీశాయమ్మా! అందులో ఇద్దరు ఇప్పుడు డాక్టర్లు. వాళ్ళ మార్కులన్నీ వెనక్కి తీసుకోమంటారా?"

డాక్టర్ల మాట వచ్చేసరికి చేతులు జోడించాను. దయగల మనిషి కనుక మాస్టారు ఇంకో అవకాశం ఇచ్చారు. కనిపించకూడనిది చూసినందుకు పిల్ల క్షమాపణ పత్రం రాయాలి, బొమ్మ మళ్ళీ గీయాలి.

రాగసుధ నా మొహంలోకి చూసింది. "నానమ్మా, గియ్యనా?"

యాభై ఏళ్ళు సంచి కట్టిన నడుము నాది. "గియ్యవే తల్లీ, ఎర్రగా గియ్యి," అన్నాను.

గీసింది. ఈసారి మైక్రోస్కోపు వైపు చూడనే లేదు. ఇరవైకి ఇరవై. పిల్లలో శ్రద్ధ పెరిగిందని మాస్టారు మెచ్చుకున్నారు.

సీటు వచ్చింది. బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "దిగులు పడమాక నానమ్మా. అక్కడ ఏం కనబడాలో ముందే అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే చూస్తాలే," అంది. పైకొచ్చే పిల్ల.

మరిచిపోకండమ్మా ఈ సంగతి. గుర్తుపెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండి. కాకపోతే, వాళ్ళ పరీక్షలయ్యాక చెప్పండి.