పచ్చరంగులో ఒక పేరు

అక్షరదోషాలుంటే క్షమించండి. పెద్దతనంలో చదువు నేర్చినదాన్ని. ఈ కాస్త రాయడానికే వానాకాలమంతా పట్టింది.

ఆ పొద్దున జయమణి అనుకున్నది ఒక్కటే: భర్త ఇజ్రాయేల్ పోయి ఏడాదైన సందర్భంగా జరిపే ప్రార్థనకు ముందు నాంపల్లిలోని గదికి సున్నం వేయించాలి. గది మూలన అతని పాత కంప్యూటర్ ఆగకుండా నడుస్తూ ఉండేది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి, సమాచారం భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇస్తారు. కొత్త మెషిన్ల మీద బాగా నడిచేది పాతవాటి మీద తడబడుతుంది. ఆ తప్పులు పట్టి సరిచేయడం, అబిడ్స్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఇజ్రాయేల్‌కు ఇష్టమైన పని. అతను పోయినా మెషిన్ రోజూ తనంతట తానే పరీక్ష జరిపి ఫలితం పంపేది. ఏ మెషిన్ పరీక్షలో ఏం తేలిందో ఫోన్‌లో కనిపించే జాబితాలో తెలుగులో 'ఇజ్రాయేల్' అని ఉండేది, పక్కన అంతా సవ్యమేనన్నట్టు పచ్చరంగు. జయమణి అక్షరాలు నేర్చుకున్నదే ఆ పేరు కోసం. అది చదివాకే టీ తాగేది.

సున్నం వేసేవాళ్ల కోసం మెషిన్ ప్లగ్గు తీసింది, పని అయ్యాక మళ్లీ పెట్టింది. మర్నాడు పేరు పక్కన ఎరుపు.

"సుజిత్, మీ మామ పేరు ఎర్రగయిందయ్యా!"

ఆ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు పంపిన సందేశాలు అల్లుడు సుజిత్ చదివాడు. సాఫ్ట్‌వేర్‌లో నిన్న చేసిన మార్పు ఇజ్రాయేల్ మెషిన్ మీద ఒక్కదాని మీదే ఫెయిలైందట. కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల ఆపేశారట. కారణం చూడమంటున్నారు.

"మామ లేడని రాయాల్నా, అత్తమ్మా?"

"వద్దు! పేరు తీసేస్తరు. పొద్దుగాల లేచి నేనేం చదువుకోవాలె?"

పానం బాగలేదని రాశాడు. ఏం జబ్బన్నారు. దవాఖానలో ఉన్నాడన్నాడు. ఏ దవాఖాన అన్నారు.

"ఇంటికి పంపిన్రని రాయి, జల్ది!" అంది జయమణి.

ఆ వార్తకు అందరూ ఎంత సంతోషించారంటే, వాళ్లతోనే పనిచేసే రాజనర్సు అఫ్జల్‌గంజ్ నుంచి ఆపిల్ పండ్లు పట్టుకుని వచ్చేశాడు.

"సార్ పండుకున్నరా అమ్మా?"

"ఔ బిడ్డా. పండుకున్నడు." అది అబద్ధమనిపించలేదు ఆమెకు.

"కూసోండన్నా," అని సుజిత్ కుర్చీ చూపించాడు. సున్నం కోసం దించిన ఇజ్రాయేల్ ఫోటో, దండతో సహా, అందులోనే ఉంది.

రాజనర్సు పండ్ల సంచి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"నా తప్పులన్నీ సారే పట్టిండమ్మా. ఒక్కనాడు కసురుకోలే."

తర్వాత మెషిన్ విప్పి చూశాడు.

"మార్పు మంచిగనే ఉంది. గిండ్ల తేదీ యాదిలో ఉంచే చిన్న సెల్లు అయిపోయింది. ప్లగ్గు తీయంగనే తేదీ ఏండ్లకేండ్లు వెనక్కి పోయింది, గందుకే ఎర్రగయింది. దీని లెక్కల సార్ ఇంకా ఉన్నడు."

"గట్లనే ఉండనియ్యి," అంది జయమణి.

"మరి అందరి పని ఆగుతదమ్మా."

ఆమె ఫోటో వైపు చూసింది. ఒకరి పని ఆగితే అన్నం మానేసే మనిషి అతను.

"సరే. దిద్దు బిడ్డా. మీ సార్ సంగతి గూడ రాసేయి."

మర్నాడు పచ్చరంగు వచ్చింది. పక్కన ఇజ్రాయేల్ లేడు. మెషిన్ బాగోగులు బతికున్నవాళ్ల పేరు మీదే ఉండాలట. రాజనర్సు అక్కడ 'జయమణి' అని పెట్టాడు.

ఆ పేరు ఆమె అంతవరకు ఎప్పుడూ చదవలేదు. కూడబలుక్కునేసరికి టీ చల్లారిపోయింది.

రాసినది జయమణి, అరవై మూడేళ్లు. ఇప్పుడుంటున్నది సుల్తాన్ బజార్‌లో, కూతురింట్లో. మెషిన్ కూడా ఇక్కడే.