కంకర క్వారీ దగ్గర

శనివారం ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి, మనవరాలు ఐలా చేత ఆమె మొదటి గ్రౌస్ పిట్టను కొట్టించి, ఒంటిగంటకల్లా భోజనాల బల్ల దగ్గరికి తిరిగి రావాలన్నది వెర్నర్ హౌటలా వేసుకున్న పథకం. ఎనిమిదింటికి బయలుదేరవలసిన మనిషి అయిదింటికే లేచి బూట్లు తొడుక్కున్నాడు. ఆ బూట్లతో వంటింట్లోంచి షెడ్డులోకీ, షెడ్డులోంచి వంటింట్లోకీ పదకొండుసార్లు తిరిగాడు. లెక్క ఆయన భార్య హిల్యాది. ఆమె పాస్టీలు చేస్తోంది. పాస్టీ అంటే మాంసమూ, దుంపలూ కూరిన అరచేయంత కజ్జికాయ. అంచులు నొక్కుతూ ఒక్కొక్క పాస్టీకీ ఒక్కొక్క ప్రదక్షిణ చొప్పున లెక్క పెట్టుకుంది.

"వెర్నర్, వేటకి వెళ్ళేది పన్నెండేళ్ళ పిల్ల. అది హాయిగా నిద్రపోతోంది. నీకేమొచ్చింది?"

"నాకేం రాలేదు."

"అయితే ఆ ఉప్పు డబ్బా కింద పెట్టు. ఇందాకట్నించీ చంకలో పెట్టుకుని తిరుగుతున్నావు."

వెర్నర్ ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టి, దాని బదులు తన టోపీ తీసుకుని మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాడు.

ఆయన కంగారుకి కారణం ఉంది. సుపీరియర్ సరస్సుకి దక్షిణాన ఉన్న ఆ అడవుల్లో మగవాళ్ళు తమ జీతం చెబుతారు, ఆపరేషన్ జరిగితే కుట్లు విప్పి చూపిస్తారు కూడా. గ్రౌస్ ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పరు. ఎక్కడ కొట్టావని అడగడం మర్యాద కాదు. అడిగినవాడికి నిజం చెప్పడం అంతకంటే తప్పు. వెర్నర్ తాతగారు కనిపెట్టిన చోటు ఒకటుంది. ఎప్పుడో ఎవరో వదిలేసి పోయిన పొలంలో, ఆల్డర్ పొదల మధ్య ఏడు ఆపిల్ చెట్లు. రాలిన కాయల కోసం శరదృతువంతా పిట్టలు అక్కడికి చేరతాయి. తాత ఆ చోటు కొడుక్కి చెప్పాడు, కొడుకు వెర్నర్‌కి చెప్పాడు. నలభై ఏళ్ళుగా ఎవరడిగినా వెర్నర్ ఒకటే జవాబిస్తూ వచ్చాడు: "కంకర క్వారీ దగ్గర."

ఈ చలికాలం వెర్నర్‌కి కుడి మోకాలు మారుస్తున్నారు. మళ్ళీ ఏడాది ఆ పొదల్లో దూరగలడో లేదో తెలియదు. అందుకని ఈ శనివారం ఐలాకి ఆ ఆపిల్ చెట్లు చూపించి, తొలి పిట్ట కూడా అక్కడే కొట్టించాలని ఆయన ఆశ. తొలి పిట్ట తోకను విసనకర్రలా విప్పి వంటింటి గుమ్మం మీద మేకుతో కొట్టడం ఆ ఇంటి ఆచారం. అక్కడ వెర్నర్ తోకా, ఆయన కూతురు లినియా తోకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మూడో మేకుకి చోటుంది.

అంతా బాగానే ఉండేది, పిల్ల మంచి పిల్ల కాకపోయి ఉంటే. వేసవంతా తనకి మట్టిపళ్ళేలు ఎగరేసి గురి నేర్పినందుకు కృతజ్ఞతగా, చర్చిలో కాఫీల దగ్గర ఐలా ఇద్దరిని వేటకి పిలిచేసింది. ఒకాయన రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు క్లిఫర్డ్ ట్రెవారో. రెండో ఆయన సెలూన్ నడిపే ఓలవి. ఇద్దరూ వెర్నర్‌కి ముప్ఫయ్యేళ్ళ స్నేహితులు. ఆ ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఏడు చెట్ల సంగతి వాళ్ళ దగ్గర ఎత్తలేదు.

"వాళ్ళు రాకపోతే నేనూ రాను తాతా," అంది ఐలా.

దానికి తోడు ఐలా తల్లి లినియా. "ఎక్కడికి వెళ్తున్నారో కాగితం మీద రాసిచ్చి వెళ్ళు నాన్నా. తుపాకులతో పోతున్నారు, పిల్లతో పోతున్నారు. ఒంటిగంట దాటితే నేనే వస్తా," అంది. వెర్నర్ పెన్ను తీశాడు. రాయబోయే ముందు ఆలోచించాడో లేదో కాని, చెయ్యి మాత్రం నలభై ఏళ్ళ అలవాటు ప్రకారం రాసేసింది: కంకర క్వారీ దగ్గర.

రాసినందుకు ట్రక్కును నిజంగానే క్వారీ దగ్గర ఆపాడు. ఆపిల్ చెట్లు అక్కడికి మైలు దూరం.

"ఫోన్లన్నీ ఇక్కడే పెట్టెయ్యండి," అన్నాడు.

"మోగకుండా పెట్టుకుంటాం లేరా," అన్నాడు క్లిఫర్డ్.

"మోగక్కర్లేదు. వెలుగు పడ్డా పిట్టలు బెదురుతాయి." ఫోన్లో మ్యాపు ఉంటుందనీ, అది వెళ్ళిన దారంతా గీసి పెట్టుకుంటుందనీ ఆయన ఎవరి దగ్గరో విన్నాడు. తరవాత కుక్క మెడలో గంట కూడా విప్పి సీటు మీద పడేశాడు.

"గంట తీసేస్తే లూలా ఎక్కడుందో మనకెలా తెలుస్తుంది తాతా?"

"దానికి తెలుసుగా ఎక్కడుందో."

క్లిఫర్డ్, ఓలవి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ వేటలో మనిషి కనబడేలా వేసుకునే నారింజరంగు కోట్ల గుండీలు పెట్టుకుని వెర్నర్ వెనక నడిచారు.

స్నేహితులకి దారి గుర్తుండకుండా ఉండాలంటే తిన్నగా వెళ్ళకూడదు. వెర్నర్ తూర్పుకి తీసుకెళ్ళాడు, ఉత్తరానికి తిప్పాడు. ఒక వాగు దాటించి, అరగంట తరవాత అదే వాగును మరో చోట వెనక్కి దాటించాడు. పొదలు మొహానికి కొడుతున్నాయి. బూట్లలోకి బురద చేరింది. ఒకచోట గడ్డిలో మునిగిపోయిన పాత కంచె తీగ ఉంది. వెర్నర్ దాని మీద బోర్లా పడ్డాడు. ఆయన లేచేలోగా ఓలవి, "తీగుంటుందమ్మా, కాలెత్తి దాటు," అని ఐలాకి చెప్పి, తను కిందకి చూడకుండానే దాటేశాడు. ఆ సమయంలో వెర్నర్ నోట్లో ఆకు ఉంది. అందువల్ల ఆయన ఏమీ గమనించలేదు.

పది దాటాక మబ్బు పట్టింది. సూర్యుడు ఎటున్నాడో తెలియడం మానేసింది. వెర్నర్ వేగం పెంచాడు. దారి తెలియని మనిషి నెమ్మదిగా నడిస్తే వెనకవాళ్ళకి తెలిసిపోతుంది కదా.

"తాతా, ఈ మొద్దు ఇందాక చూశాం."

"అడవిలో మొద్దులన్నీ ఒకలాగే ఉంటాయమ్మా."

"దీనిమీద నేను పాస్టీ పెచ్చు పెట్టాను. ఇదిగో."

నలుగురూ మొద్దు చుట్టూ నిలబడి పెచ్చును చూశారు. లూలా వచ్చి ఆ సాక్ష్యాన్ని తినేసింది.

"ఎడమకి తిరిగితే..." అని మొదలుపెట్టాడు క్లిఫర్డ్. ఓలవికి హఠాత్తుగా దగ్గు వచ్చింది. పొడి దగ్గు, చాలాసేపు దగ్గాడు. "ఎడమకి తిరిగితే ఏముంటుందో మనకేం తెలుస్తుంది, అంటున్నా," అని ముగించాడు క్లిఫర్డ్.

"అవును, నీకెలా తెలుస్తుంది?" అని వెర్నర్ కుడికి తిరిగాడు.

పన్నెండున్నర ప్రాంతంలో, వాగు వంపు తిరిగేచోట, ఎర్రటి పండ్ల ముళ్ళపొద ముందు, పిట్ట వాసన పట్టిన లూలా బిగుసుకుపోయింది. తోక నిటారు, ముందుకాలు గాల్లో. గంట లేదు కాబట్టి గంట ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. చూసింది ఐలా ఒక్కతే.

"తాతా!"

"ఉండమ్మా, దిక్కు చూస్తున్నా." వెర్నర్ ఒక చెట్టు బోదెకు నాచు ఏ వైపు పట్టిందో వెతుకుతున్నాడు. నాలుగు వైపులా పట్టింది.

"తాతా, లూలా..."

"ఒక్క నిమిషం ఆగరాదూ!"

"తాతా..."

"ఐలా! పెద్దవాళ్ళు పనిలో ఉన్నారు."

తాత పక్కన లేకుండా తుపాకీలో తూటా పెట్టకూడదని నియమం. ఐలా పెట్టలేదు. ఉత్త తుపాకీతో రెండడుగులు వేసి పొదలోకి వంగి చూసింది. కోడిపెట్టలంత పిట్టలు, గోధుమరంగువి, నాలుగు. మెడ చుట్టూ నల్లటి ఈకలు విప్పుకుని ఆమెను చూశాయి. ఆమె వాగు వంపును చూసింది, పిడుగు పడి చీలిన దేవదారును చూసింది. తరవాత కుక్క మెడపట్టీ పట్టుకుని మెల్లగా వెనక్కి వచ్చింది. ఆ పైన తాతని పిలవలేదు.

రెండున్నరకి వెర్నర్ ఒక పడిపోయిన చెట్టు మీద కూలబడ్డాడు. మోకాలు టర్నిప్ దుంపంత అయింది.

"నాకు దారి తెలియడంలేదు," అన్నాడు. జీవితంలో ఆ వాక్యం ఆయన అనడం అదే మొదలు. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో కూడా అనలేదు. "నీకొక చోటు చూపిద్దామనుకున్నానమ్మా. మా తాత మా నాన్నకి చూపించాడు, మా నాన్న నాకు. నలభై ఏళ్ళు దాచాను. చివరికి నేనే పోగొట్టుకున్నాను."

క్లిఫర్డ్ తన టోపీ లోపలి పట్టీ మీద కంపెనీ పేరు చదువుతున్నాడు. ఓలవి ఆకాశం వైపు చూశాడు.

"క్లిఫర్డ్ తాతా," అంది ఐలా. "నువ్వు ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపావు కదా. నీకూ దారి తెలియదా?"

క్లిఫర్డ్ నోరు తెరిచాడు. "అమ్మా, అదేంటంటే..."

సరిగ్గా అప్పుడే ఈల వినిపించింది.

జరిగింది ఇది. ఒంటిగంట దాటగానే లినియా క్వారీకి వచ్చింది. ట్రక్కు ఉంది, మనుషులు లేరు. తండ్రికి ఫోన్ చేస్తే ట్రక్కు మోగింది. క్లిఫర్డ్‌కి చేస్తే ట్రక్కు మోగింది. ఓలవికి చేసినా ట్రక్కే. సీటు మీద కుక్క గంట. క్వారీ గుంటలో పచ్చటి నీళ్ళు. లినియా మరి ఆలోచించకుండా అగ్నిమాపక దళాన్ని పిలిచింది. అది జీతాలు లేని దళం. ఊళ్ళో చేతులూ కాళ్ళూ ఆడే ఇరవైముగ్గురూ అందులో ఉన్నారు. ఇరవైముగ్గురూ వచ్చారు.

ఇప్పుడు వాళ్ళంతా వెర్నర్ కూచున్న చోటికి నలభై అడుగుల దూరంలో, పొదలకి అవతల, నారింజరంగు కోట్లలో కేకలు వేస్తున్నారు. ఆ గోలకి పొదల వెనకనుంచి ఒక గ్రౌస్ టపాకాయ పేలినట్టు లేచి, తిన్నగా ఐలా తల మీదికి వచ్చింది.

తాత పక్కనే ఉన్నాడని ఐలా అప్పుడే తూటా పెట్టి ఉంది. తుపాకీ భుజానికి చేరింది.

"కొట్టు!" అని అరిచాడు వెర్నర్.

ఐలా తుపాకీ దించి, మధ్యకి మడిచి, తూటా బయటికి తీసి జేబులో వేసుకుంది. "అటు మనుషులున్నారు తాతా," అంది.

పిట్ట వెళ్ళిపోయింది. వెర్నర్ చెవులు ఆయన కోటు రంగులోకి మారాయి.

పొదలు విడదీసుకుని ముందుగా వచ్చింది దళానికి పెద్ద మార్లిస్. వారంలో మిగతా రోజులు లైబ్రరీ చూసుకునే మనిషి. ఆమె వెనక, కొమ్మల సందుల్లోంచి, ఏడు ఆపిల్ చెట్లు కనిపిస్తున్నాయి. పొద్దుటినుంచీ వెర్నర్ వాటి చుట్టూనే తిరుగుతున్నాడు.

"ఇక్కడున్నారా! ఆపిల్ చెట్ల దగ్గర కాక మరెక్కడుంటారులే అని తిన్నగా వచ్చేశాం," అంది మార్లిస్. "ఇరవై నిమిషాలు పట్టింది. పాస్టరుగారికి దాహమేసి ఆగాం, లేకపోతే ఇంకా ముందే వచ్చేవాళ్ళం."

వెర్నర్ ఆపిల్ చెట్లకేసి చూశాడు. వాటి కింద నిలబడి చొక్కాకి కాయలు తుడుచుకు తింటున్న ఊరినంతా చూశాడు.

"మీకు... ఈ చోటు మీకెలా తెలుసు?"

"అదేం ప్రశ్న? మంగళవారం క్లిఫర్డ్‌ది. గురువారం ఓలవిది. ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరుగారు. శనివారం నీదని ఎవరం రాం. అంత మర్యాద లేనివాళ్ళమా?"

"ఎన్నాళ్ళ నించి?"

"మీ నాన్నగారి రోజుల నించి. ఆయనే మా నాన్నకి చూపించాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడట."

"మా నాన్నకీ అలాగే చెప్పాడు," అన్నాడు పాస్టరు, నోట్లో ఆపిల్‌తో.

వెర్నర్ మెల్లగా క్లిఫర్డ్ వైపు తిరిగాడు. "నీకు పొద్దుటినించీ తెలుసా?"

"ఎడమకి తిరగమని చెప్పబోయానురా! పదింటికే. వీడు దగ్గాడు."

"దగ్గకపోతే మన మంగళ, గురువారాల సంగతి బయటపడదూ?" అన్నాడు ఓలవి.

"ఆ తీగ మీద నేను పడ్డానే! నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏటా పడతావట కదా, అలవాటే అనుకున్నా."

లినియా వచ్చి ముందు కూతుర్ని కావలించుకుంది. తరవాత తండ్రికి కాగితం చూపించింది. ఏమీ అనలేదు. అంతకంటే ఆమె నాలుగు తిట్టి ఉంటే వెర్నర్‌కి నడక తేలికగా ఉండేది. ఇద్దరు స్నేహితులు చెరో చంక కింద చెయ్యి వేసి ఆయన్ని దగ్గరి దారిన తీసుకెళ్ళారు. దగ్గరి దారి నిజంగా చాలా దగ్గర.

మరుసటి శనివారం వెర్నర్ వంటింట్లో కుర్చీకి అంటుకుపోయి, మోకాలి మీద ఐసు సంచీతో ఉన్నాడు. ఒక కాలు కదలదు కాబట్టి రెండోది ఊపుతున్నాడు. ఎనిమిదింటికి ఐలా తుపాకీతో వచ్చింది. హిల్యా గోడకున్న పాత నారింజరంగు కోటు తీసి తొడుక్కుంది.

"నువ్వెక్కడికి?" అన్నాడు వెర్నర్.

"పిల్ల పక్కన పెద్దవాళ్ళు ఉండాలటగా. నాకూ మా నాన్న పదేళ్ళకే తుపాకీ ఇచ్చాడు. నువ్వెప్పుడూ అడగలేదు." ఆమె లూలా మెడలో గంట కట్టింది. ఫోన్ తీసి ఆయన ఒళ్ళో పడేసింది. "పిట్టలు బెదురుతాయట."

పదకొండింటికి తిరిగొచ్చారు. పన్నెండింటికి పిట్ట వెన్నలో వేగుతోంది. ఐలా స్టూలెక్కి గుమ్మం మీద మూడో మేకు కొడుతోంది, విసనకర్రలా విప్పిన తోకను చేత్తో అదిమి పట్టుకుని. వెర్నర్ ముక్క కొరికాడు. ఆపిల్ చెట్ల దగ్గరి పిట్ట రుచి ఆయనకి తెలుసు. ఇది అది కాదు. ఎర్రపండ్లు తిన్న పిట్ట. మూడుసార్లు "తాతా" అని పిలిచిన గొంతు ఏదో మెల్లగా గుర్తుకొచ్చింది.

"ఎక్కడ దొరికిందే ఇది?"

ఐలా సుత్తి ఆపి అమ్మమ్మ వైపు చూసింది. హిల్యా పెనం వైపు చూస్తోంది.

"కంకర క్వారీ దగ్గర తాతా," అంది ఐలా.

కంకర క్వారీలో కంకర తప్ప మరేమీ దొరకదని ఆ జిల్లాలో అందరికంటే బాగా తెలిసినవాడు వెర్నర్. అయినా ఇంకో ముక్క వేసుకున్నాడే కాని, రెండోసారి అడగలేదు. అలా అడగడం మర్యాద కాదు.