గీత పడని కారు

ఆదివారం పొద్దున్న ఏడింటికి రికార్డు గది హెడ్ క్లర్కు పాత చొక్కా తొడుక్కుని, కారు ముందు చక్రాలు విప్పడానికి గంభీరంగా కూర్చున్నారు. పదకొండింటికి మామగారు వస్తారు. ఆలోగా ముందు బ్రేకుల కీచురొద ఆగిపోవాలి. ఆయన వేసుకున్న పథకం అంతే.

కారు మామగారిది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, ముప్పై అయిదేళ్ల వయసు. మామగారు డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టి రిటైరైన అధికారి. జీవితంలో ఎవరినీ నవ్వుతూ పాస్ చేసినవారు కాదు. పెద్దల్లుడికి కారును కూడా పరీక్ష మీదే ఇచ్చారు.

"ముప్పై అయిదేళ్లలో దీని మీద గీత పడలేదు, పరాయి చెయ్యి పడలేదు. ఆరు నెలలు చూస్తాను. ఇలాగే ఉంటే మీ పేర కాయితాల మీద సంతకం పెడతాను. లేదంటే చిన్నల్లుడికి."

ఆ గడువు ఈ రోజుతో సరి. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా మామగారి నోట 'బాగుంది' అన్న మాట వినని హెడ్ క్లర్కుకు కారు కన్నా ఆ సంతకమే ముఖ్యం. పరాయి చెయ్యి పడకూడదు కనక మెకానిక్కు ఊసే ఎత్తలేదు.

పని పద్ధతిగానే మొదలైంది. కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు పాత పేపరు మీద వరసగా పేర్చారు. విప్పిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టారు. అయితే రిజిస్టరులో ఖాళీ గడి కనిపిస్తే, అది నింపేదాకా అన్నం సయించని మనిషి ఆయన. బోనెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బా సగమే ఉంది. ప్రాణం ఒప్పలేదు. మూత దాకా నింపారు.

ప్యాడ్లు అరిగినకొద్దీ ఆ డబ్బాలో ఆయిల్ దిగుతుందని, కొత్తవి పెట్టడానికి వాటిని నెట్టే పిస్టన్‌ని వెనక్కి నొక్కితే అదంతా మళ్లీ పైకి వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నిండుకుండ తొణకదంటారు. ఇక్కడ పిస్టన్ నొక్కగానే అక్కడ డబ్బా పొంగి పొర్లింది. హెడ్ క్లర్కు గబగబా తువ్వాలుతో తుడిచి, ఆ తడి తువ్వాలును శుభ్రంగా నాలుగు మడతలు పెట్టి, స్టూలు మీద ఉంచి, మళ్లీ చక్రం దగ్గరికి వెళ్లారు.

కాఫీ తెచ్చిన భార్య ఆ తువ్వాలు చూసింది.

"ఏవండీ, ఇది పాలిష్ గుడ్డేనా?"

హెడ్ క్లర్కు పంటి కింద చీటీ పట్టుకుని బోల్టు బిగిస్తున్నారు. "ఊఁ" అన్నారు.

తండ్రి వస్తున్నాడన్న సంబరంతో ఆమె ఎడమ మడ్‌గార్డును పావుగంట రుద్దింది. "చూశారా, అద్దంలా వచ్చింది!" అంది. హెడ్ క్లర్కు లేచి చూశారు. నిజంగానే మెరుస్తోంది. "నీ చేతిలోనే ఏదో ఉంది సుమా" అన్నారు. ఆ క్షణాన ఆయనకు భార్య మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

పదిన్నరకల్లా చక్రాలు ఎక్కాయి. బ్రేకు పెడల్‌ని ముప్పై సార్లు లెక్కపెట్టి తొక్కారు. అది రాయిలా నిలిచింది. తృప్తిగా చేతులు కడుక్కుంటూ ఉండగా కేక వినిపించింది.

"ఏవండీ! కారుకి దద్దుర్లు వస్తున్నాయి!"

మడ్‌గార్డు మీద రంగు కాగిన పాల మీద మీగడలా ముడతలు పడుతోంది. హెడ్ క్లర్కు తువ్వాలు వాసన చూశారు. తర్వాత ఆయిల్ సీసా అందుకుని చదివారు. 'రంగు మీద పడనీయరాదు' అని అడుగున చిన్న అక్షరాలతో ఉంది. బతుకంతా అక్షరాలు చదివిన మనిషికి ఈ నాలుగు ముక్కలూ ఇప్పుడు కనిపించాయి.

గేటు దగ్గర హారన్ మోగింది. భార్య లోపలికి పరుగెత్తి దుప్పటి తెచ్చి మడ్‌గార్డు మీద కప్పేసింది.

పళ్ల డాక్టరైన చిన్నల్లుడు కారాపగానే, చేతిసంచితో మామగారు, వెనకే అత్తగారు దిగారు.

"దుప్పటి దేనికి?" అన్నారు మామగారు.

"ఎండ తగలకుండా నాన్నా."

"మిగతా కారుకి తగలదా?"

ఆయన దుప్పటి లాగారు. దాంతోపాటు అరచేయంత రంగు ఊడి వచ్చింది.

హెడ్ క్లర్కు తలవంచుకుని తాళం చెవి ముందుకు చాపారు. "తప్పు నాదే మామగారూ. తీసుకోండి."

తోడల్లుడు మాత్రం వంగి, రంగు ఊడినచోట వేలిగోరుతో టకటకా కొట్టి చూశాడు. "ఇది ఇవాళ్టి జబ్బు కాదన్నగారూ. లోపలెప్పుడో పెద్ద గుంట పడితే లప్పం నింపారు. మా పళ్లకి నింపినట్టే."

అందరూ మామగారి వైపు చూశారు. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

"గీత పడలేదన్నారే! గుంటెక్కడిదండీ?" అన్నారు అత్తగారు. తర్వాత నెమ్మదిగా గుర్తు తెచ్చుకున్నారు. "పాలిష్‌కి ఇచ్చానని ఇరవై ఎనిమిదేళ్ల కిందట నన్ను మూడు వారాలు బస్సులో తిప్పారు. నాకు లైసెన్సు పరీక్ష పెట్టిన నెలే కదూ? గేటు స్తంభానికి అరంగుళంలో ఆపానని నన్ను ఫెయిల్ చేశారు. ఆ నెల ఆ స్తంభం దగ్గర మీరెక్కడ ఆపారేం?"

మామగారు చేతిలోని దుప్పటి మడతపెట్టడం మొదలెట్టారు.

"నేను... ఆపలేదు" అన్నారు.

ఇరవై ఎనిమిదేళ్ల కోపం అరుపుగా రాలేదు. అత్తగారు పెద్దల్లుడి చేతిలోంచి తాళం చెవి తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నారు. "మీరు వెనక్కెక్కండి" అన్నారు భర్తతో. తర్వాత పక్కన కూర్చున్న పెద్దల్లుణ్ణి అడిగారు.

"బాబూ, బ్రేకు పడుతుందా?"

ఆ రోజుకి హెడ్ క్లర్కుకు నమ్మకమున్న సంగతి అదొక్కటే. "పడుతుందండీ."

కారు నత్తలా వాకిలి దాటి తిన్నగా గేటు స్తంభం మీదికి నడిచింది. భార్య కళ్లు మూసుకుంది. కీచుమనే చప్పుడు ఏమాత్రం లేకుండా కారు ఆగింది. తోడల్లుడు వంగి చూసి ప్రకటించాడు.

"అరంగుళం."

అత్తగారు వెనక్కి తిరగలేదు. "పాసా, ఫెయిలా?"

"బాగుంది" అన్నారు మామగారు, పీలగా. "బ్రేకు... చాలా బాగుంది."

ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన మాట. హెడ్ క్లర్కు కళ్లు చెమర్చాయి. అత్తగారు భర్త చేతిసంచి అందుకుని, అందులోని కాయితాలు, కలం తీసి వెనక్కి అందించారు. మామగారు ఒళ్లో పెట్టుకుని సంతకం చేశారు.

సంతకం పెడుతున్నంతసేపూ ఆయన వెనక సీటు ముందు లేని బ్రేకును రెండు కాళ్లతో తొక్కిపట్టే ఉన్నారు.