డాక్టర్ కాలు, మారోతి కాలు

ఆ పొద్దున లింగమూర్తి అనుకున్నది చిన్న పనే. తుల్సాకు ఒళ్లు కడిగి, జూలు దువ్వి, సాయంత్రం బిలోలిలో జరిగే పెళ్లి బరాత్‌కు నడిపించుకుపోవాలి. తుల్సా ఆయన భార్య గంగుబాయి పెంచిన తెల్ల గుర్రం. గంగుబాయి పోయి ఏడాది కాలేదు. కొడుకు యోగేశ్ ముందు రోజే తేల్చేశాడు.

"బాపూ, రేపు బరాత్‌ల మంచిగ నడిస్తే ఉంచుదాం. లేకుంటే మాళేగావ్ జాత్రల అమ్ముడే. బేరగాడు విలాస్‌ను పొద్దుమీకి రమ్మన్న."

తీరా కొట్టంలోంచి బయటికి తెస్తుంటే తుల్సా ముందరి కుడి కాలు నేలకు ఆనించలేదు.

యోగేశ్ ఫోన్‌లో వీడియో తీసి పశువుల డాక్టర్ ప్రథమేశ్‌కు పంపాడు. డాక్టర్ వెంటనే ఫోన్ చేశాడు. "కాకా, నరం పట్టింది. చన్నీళ్ల బకెట్ల కాలు పెట్టి ఉంచుండ్రి. వేడి మాత్రం తగలనియ్యొద్దు. మధ్యాహ్నం నేనొస్త."

"సరే డాక్టర్‌సాబ్."

కాసేపటికి బావమరిది మారోతి పక్కింటి గోడ మీంచి తొంగి చూశాడు. అక్కడి నుంచి ఆయనకు గుర్రం తల ఒక్కటే కనబడుతుంది. మారోతి వైద్యానికి అది చాలు.

"వాతం బావా. జిల్లేడాకు నూనెల కాచి వేడి మీద కట్టాలె. చన్నీళ్లు తగిలినయంటే కాలు పడిపోతది."

"సరే మారోతి."

ఆ ఇంట్లో కాదనే పని గంగుబాయిది. ఆమె పోయాక ఆ పని ఎవరూ అందుకోలేదు. మారోతి పొగలు కక్కే ఆకుల మూటతో వచ్చేసరికి కుడి కాలు బకెట్‌లో ఉంది. లింగమూర్తి బకెట్‌కు అడ్డం నిలబడ్డాడు.

"ఏ కాలు బావా?"

ఆయన బకెట్ వంక చూసి, మారోతి మొహం వంక చూసి, "ఎడమది" అన్నాడు. మందు మంచిదైతే మంచి కాలికి హాని చెయ్యదు కదా అనుకున్నాడు.

మధ్యాహ్నానికి మారోతి వేడి కట్టు కింద ఎడమ కాలు బొబ్బలెక్కింది. డాక్టర్ బండి చప్పుడు వినగానే లింగమూర్తి కట్టు విప్పి గడ్డిలో దాచాడు. డాక్టర్ ఎడమ కాలు చూసి తలాడించాడు. "నేననుకున్నదే. ఇటుకెల్లి అటు పాకింది. దీన్ని గూడ నీళ్లల్ల పెట్టుండ్రి."

అప్పుడే మారోతి వచ్చాడు. రెండు కాళ్లూ రెండు బకెట్లలో ఉన్నాయి.

"నా కాలు నీళ్లల్ల పెట్టిందెవ్వరు?"

"నీ కాలు ఎక్కడిది? కేసు నాది," అన్నాడు డాక్టర్.

"నీది కుడిది. ఎడమది పొద్దుగాల్నే నాకిచ్చిండు బావ."

"ఎనుకవి రెండు ఖాళీగనే ఉన్నయి," అన్నాడు యోగేశ్. "అవి గూడ పంచుకోండ్రి మామా."

లింగమూర్తికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంగి, కుడి కాలు ఎత్తి తువ్వాలతో తుడవబోయాడు. గిట్ట లోపలి నుంచి కంకర రాయి ఒకటి జారి బకెట్‌లో పడింది. తుల్సా ఆ కాలు దించి నేల మీద గట్టిగా మోపింది.

ముందుగా తేరుకున్నది డాక్టరే. "చన్నీళ్లకే వదులైంది."

"నా కట్టు వేడికి," అన్నాడు మారోతి.

"నీ కట్టు ఆ కాలికి గాదు గద."

"ఒళ్లు ఒక్కటే గద డాక్టర్."

లింగమూర్తి అది వినలేదు. కొట్టం గుంజకు వేలాడే వంకర ఇనుప కొక్కెం వంక చూస్తున్నాడు. రోజూ పొయ్యి ముట్టించకముందే గంగుబాయి నాలుగు గిట్టలూ ఎత్తి దానితో గీకేది. ఆయన రోజూ చూసేవాడు, అది కూడా ఇల్లూడ్చినట్టు ఒక పని అనుకునేవాడు. కొక్కెం తుప్పు పట్టింది.

సాయంత్రం బిలోలిలో పెళ్లికొడుకు జీపులో ఊరేగాడు. చీకటి పడుతుండగా విలాస్ వచ్చి, తుల్సాను నాలుగడుగులు నడిపించి, బొబ్బల దగ్గర ఆగాడు.

"కుంటిదాన్ని జాత్రకు తోలుకపోతే నన్ను జూసి నవ్వుతరు," అన్నాడు. ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"వచ్చే ఏడు చూద్దాం తియ్," అని యోగేశ్ లోపలికి పోయాడు.

లింగమూర్తి కొక్కెం దించి ఇసుకతో రుద్దాడు. ఒక్కొక్క కాలే ఎత్తి గీకాడు. ఎడమ కాలిని బొబ్బలకు చెయ్యి తగలకుండా కింది నుంచి పట్టి ఎత్తాడు. తుల్సా తన్నలేదు. మెడ వంచి ఆయన భుజం మీద ఆనించి నిలబడింది. అంత బరువు ఆ ఇంట్లో ఆయన మీద ఎవరూ ఆనించి చాలా కాలమైంది.

జాత్ర ముగిసేదాకా తుల్సా కుంటుతూనే ఉంది. జబ్బు కాలు ఆ పూటే బాగైంది; మంచి కాలికే నెల పట్టింది.