ఇసబెల్ గారి పెళ్ళి

ఆ శుక్రవారం పొద్దున్న వెంకటరాజు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. క్షవరం చేయించుకోవాలి, కోడిమాంసం తేవాలి, దారిలో బాబ్జాన్ నెట్ సెంటర్‌లో కాసేపు కూర్చుని రావాలి. మొదటి రెండింటికీ భార్య సత్యదుర్గ సరేనంది. మూడోదాని సంగతి ఆవిడకు చెప్పలేదు.

వెంకటరాజుది కోనసీమ. ఉద్యోగం కువైట్‌లో, మిర్కాబ్ అనే పేటలో ఏసీలు అమ్మే కంపెనీలో స్టోర్ కీపరు, కాపురం అబ్బాసియాలో. తమ వైపు మాటల్లో పద్యాలు కట్టడం ఆయనకు చిన్ననాటి నుంచీ ఉన్న జబ్బు. ఊళ్ళో ఉన్నప్పుడు పత్రికలకు పంపితే, భాష మోటుగా ఉందని తిప్పి పంపేవారు. రెండు వేల సంవత్సరం ప్రాంతంలో, ఇక్కడికి వచ్చాక, ఇంటర్నెట్ పుణ్యమా అని ఆయనకు ఒక చోటు దొరికింది. సొంత ఊరి యాసలో రాసుకునే కవులు దేశదేశాల నుంచి అక్కడ చేరేవారు. ఎవరి మాట వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. అర్థం మాత్రం చెప్పకూడదు, చెవికి ఎంత అందితే అంత. అదీ అక్కడి నియమం.

అక్కడ ఆయన పెట్టిన మొదటి పద్యానికి ఒకే ఒక్క జవాబు వచ్చింది. రాసింది స్కాట్లండులో సముద్రం ఒడ్డున ఎక్కడో ఉండే ఇసబెల్ అనే ఆవిడ. ఒక్క ముక్కా తెలియలేదనీ, అయినా వంటింట్లో పైకి చదువుకుంటే చెవికి హాయిగా ఉందనీ రాసింది. ఆ వారమంతా వెంకటరాజు ఆఫీసులో ఎవరి మీదా విసుక్కోలేదు. అప్పటి నుంచి ఆయన రాసేది ఆవిడ కోసమే. అలాంటి ఆవిడ చాలాకాలంగా కనబడటం లేదు.

ఆ శుక్రవారం కనబడింది. పద్యం పేరు 'ద కిస్టిన్'. ఆవిడ రాసేది స్కాట్లండు యాస ఇంగ్లీషు. వెంకటరాజు ఒకటికి రెండుసార్లు చదివి, బాబ్జాన్‌ని పిలిచాడు. నెట్ సెంటర్ నడుపుతూనే అందరికీ వీసా దరఖాస్తులు టైపు చేసిపెట్టే మనిషి కావడంతో, ఆ వీధిలో ఆయన ఇంగ్లీషుకు ఎదురులేదు.

"కిస్టిన్ అంటే కిస్సింగేనండి రాజుగారూ," అన్నాడు బాబ్జాన్ కళ్ళజోడు సర్దుకుని. "చర్చిలో పెళ్ళయ్యాక పెట్టుకుంటారు కదా. సోమవారం అయ్యిందంట. ఇదిగో, వీధి వీధంతా గ్రీటిన్. గ్రీటింగ్సు చెప్పారన్నమాట. మంచం ఓవర్ బ్రెయిడ్. వెడల్పుది కొన్నారు. ఆఖర్న చూడండి, ఐ డిన్నా కెన్. డిన్నర్ కూడా పెట్టారు. పెళ్ళికొడుకు పేరు కెన్."

వెంకటరాజు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇన్నాళ్ళ మౌనానికి కారణం ఇదా అనుకున్నాడు. జవాబు మామూలు ఇంగ్లీషులో రాయవచ్చు గనక, తనకు వచ్చిన మంచి మాటలన్నీ పోగుచేసి రాశాడు. హ్యాపీ మ్యారీడ్ లైఫ్. కెన్ గారికి నా నమస్కారాలు. ఆ వెడల్పు మంచం ఎన్నడూ ఖాళీగా ఉండకూడదు. ఏడాది తిరక్కుండా మీ ఇంట్లో ఉయ్యాల ఊగాలి.

కోడిమాంసం తీసుకుని ఇంటికి వెళ్ళాక ఆనందం ఆపుకోలేక భార్యకు అంతా చెప్పేశాడు.

"ఆవిడ పెళ్ళికి మీరెందుకండీ అంత మెరిసిపోతున్నారు?" అంది సత్యదుర్గ.

"నా పద్యం చదివిన మనిషి దుర్గా."

సత్యదుర్గ కాసేపు ఆలోచించింది. పదేళ్ళుగా ఆ పద్యాలు వినకుండా తప్పించుకుంటున్నది తనే. ఎక్కడో ఒక ఆడమనిషి తన వంతు కూడా భరిస్తోందని తెలిసేసరికి ఆవిడకు ఇసబెల్ మీద నిజంగానే గౌరవం కలిగింది.

సాయంత్రం ఇద్దరూ కలిసి నెట్ సెంటర్‌కి వెళ్ళారు. ఎవరో పెద్దమనిషి అప్పటికే వెంకటరాజుకు జవాబు పెట్టి ఉన్నాడు. 'హాడ్ యువర్ వీష్ట్, యే మకిల్ గౌక్.'

"హోల్డ్ యువర్ విష్," అన్నాడు బాబ్జాన్ తడుముకోకుండా. "మీ దీవెనలు ఆపకుండా పట్టుకునే ఉండమంటున్నారండి. మకిల్ గౌక్ అంటే మన గారు లాంటిది అయ్యుంటుంది."

"అయితే ఉత్త మాటలేం సరిపోతాయి," అంది సత్యదుర్గ. "ఫొటో పంపుదాం."

శుక్రవారం సాయంత్రాలు వాళ్ళ ఫ్లాటులో గోదావరి వాళ్ళు ఎలాగూ చేరతారు. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకున్నారు. హారతి పళ్ళెం సిద్ధమైంది. 'ఇసబెల్ వెడ్స్ కెన్' అని అట్ట మీద రాసి గోడకు తగిలించారు. గంగారత్నం మాత్రం వంటింటి గుమ్మం దాటి రాలేదు. కబ్ద్‌లో ఒక కువైటీ వాళ్ళ తోటలో వంటమనిషి ఆవిడ. సెలవిచ్చిన శుక్రవారాలు ఇక్కడికి వస్తుంది. భర్త పోయి రెండేళ్ళు కావస్తోంది.

"శుభమా అని పెళ్ళోళ్ళకి పంపే బొమ్మలో నేనెందుకండి," అంది.

"వాళ్ళకివన్నీ ఏం తెలుసు, రా," అని సత్యదుర్గ చెయ్యి పట్టి లాక్కొచ్చి, నట్టనడుమ నిలబెట్టి, హారతి పళ్ళెం ఆవిడ చేతికే ఇచ్చింది. గంగారత్నం పళ్ళెం పట్టుకున్నంతసేపూ తల ఎత్తలేదు. కెమెరా వాడు చెబితే ఎత్తి, కొద్దిగా నవ్వింది.

అప్పటికప్పుడు కడిగించి తెచ్చిన ఫొటోను బాబ్జాన్ స్కాన్ చేసి ఎక్కించాడు. దాని కింద వెంకటరాజు పొందికగా సంతకం చేశాడు: ఇట్లు, మీ మకిల్ గౌక్, వెంకటరాజు, కువైట్.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ నెట్ సెంటర్‌లో ఆగాడు. ఆ చోటును నడిపే ఆయన నుంచి ఉత్తరం ఉంది. మంచి ఇంగ్లీషు, ఎవరి సాయమూ అక్కర్లేకుండా అర్థమయ్యే ఇంగ్లీషు. అర్థం చెప్పకూడదన్న నియమాన్ని మొదటిసారి తప్పుతున్నానని మొదలుపెట్టాడు. కిస్టిన్ అంటే శవాన్ని పెట్టెలో ఉంచడం. గ్రీటిన్ అంటే ఏడవడం. ఇసబెల్ గారి భర్త పోయారు, మంచం ఇప్పుడు ఆవిడకు మరీ వెడల్పయింది, ఇక ఎలా బతకాలో ఐ డిన్నా కెన్, అంటే నాకు తెలియదు, అని ఆవిడ రాసుకుంది. ఆవిడ వయసు డెబ్బై దాటింది. నిన్న మీకు వచ్చిన జవాబుకు అర్థం నోరు మూసుకోమని. మకిల్ గౌక్ అంటే పెద్ద మూర్ఖుడు, ఆ ఒక్క విషయంలో మీ సంతకం సరిగ్గానే ఉంది. ఫొటో తీసేశాం. మీ పేరు కూడా తీసేశాం.

వెంకటరాజు చదివి, కుర్చీలో అలాగే ఉండిపోయాడు. బాబ్జాన్ టీ తెప్పించి పక్కన పెట్టాడు, అది చల్లారిపోయింది.

ఇంట్లో విని సత్యదుర్గ గోడ మీది అట్ట తీసేసింది. "అయితే మనం శవం ముందు హారతి పట్టామన్నమాట," అంది. ఆ రోజు వాళ్ళింట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఉయ్యాల మాట గుర్తొచ్చినప్పుడల్లా వెంకటరాజు కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. క్షమాపణ చెప్పుకుందామంటే తలుపు మూసేశారు. పైగా ఇంగ్లీషులో ఇంకో ముక్క రాయడానికి ఆయనకు చేతులు రావడం లేదు.

మరుసటి శుక్రవారం గంగారత్నం వచ్చి సంగతి విన్నది. చేతిలో ఉల్లిపాయ పక్కన పెట్టింది.

"అయ్యో, ఆవిడ మంచం సంగతి రాసుకుందేటండి," అంది. "నాకూ అదే కదండి. ఆయన పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను కువైటీ ఆళ్ళ సుట్టాలకి మచ్బూస్ ఒండుతున్నానండి. ఆళ్ళ అన్నం అది, ఒదిలేత్తే అడుగంటిపోద్ది. మామా, అంటే ఆ ఇంటి అమ్మగారండి, అందరూ తినేశాక ఏడుసుకోమంది. ఆవిడ చెడ్డది కాదండి, ఇంటినిండా జనం. అందరూ తిని లేచేసరికి నాకు ఏడుపు రాలేదు." ఉల్లిపాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నా మాటగా ఆవిడకి రాయండి రాజుగారూ. మన మాటలోనే రాయండి. ఆ ఇంగ్లీసు మనకి అచ్చి రాలేదు."

బాబ్జాన్ గంగారత్నం పేరు మీద, పక్కన కువైట్ అని వేసి, కొత్త ఖాతా తెరిచాడు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని చెబుతుంటే, వెంకటరాజు ఒక్క అక్షరం దిద్దకుండా ఇంగ్లీషు లిపిలో కొట్టాడు. "మంచం ఎడల్పే మరి. పక్కన మనిషి లేడు మరి. తెల్లారితే పొయ్యి ముట్టించాలి మరి. ఎవరికి ఒండాలి మరి." తాను ఇన్నేళ్ళుగా రాయాలనుకున్న పద్యం ఇదేనని ఆయనకు అనిపించింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ వారమంతా ఆయన నెట్ సెంటర్ వైపు వెళ్ళలేదు. శుక్రవారం గంగారత్నాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాడు. జవాబు ఉంది. ఇసబెల్ ఈసారి మామూలు ఇంగ్లీషులో రాసింది. ఫొటో తీసేసేలోపే తాను చూశానని చెప్పింది. పట్టుచీరల్లో అంతమంది నిలబడి తనకు కెన్‌తో పెళ్ళి చేస్తుంటే, భర్త పోయాక మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వానని, ఆయన ఉంటే తనకన్నా ఎక్కువ నవ్వేవాడని రాసింది. ఆ కువైట్ ఆయన్ని తిరిగి చేర్చుకోమని గట్టిగా చెప్పిందట. ఆ తర్వాత గంగారత్నానికి విడిగా రాసింది. మీ పద్యం వంటింట్లో పైకి చదివాను. కువైట్ ఫొటోలో నడుమ నిలబడి సిగ్గుపడుతున్నది మీరే అయ్యుంటారు. ప్రతి లైను చివరా మ్యారీ, మ్యారీ అని వస్తుంటే సంగతి తెలిసిపోయింది. మీకు పెళ్ళి కుదిరినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆయన మంచివాడని నమ్ముతున్నాను.

వెంకటరాజు తెలుగులో చెప్పడం ముగించి, గంగారత్నం ముఖం చూడటానికి జంకాడు. ఆవిడ తెర దగ్గరకు జరిగింది.

"నా పెళ్ళికి మా అమ్మ కూడా ఇంత సంబరపళ్ళేదండి," అంది.

"తప్పని రాసేస్తాను రత్నమ్మా. ఇప్పుడే రాసేస్తాను."

"ఒద్దండి. ఆ తల్లి ఇప్పుడే కదా నవ్విందంట." పైటచెంగుతో మూతి తుడుచుకుంది. "ఆయన మంచోడేనని రాయండి. అది అబద్ధం కాదు. ఒంట్లో కులాసాగా ఉందని కూడా రాయండి."

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు ఇసబెల్ గంగారత్నం భర్త ఆరోగ్యం అడుగుతూనే వచ్చింది. బతికుండగా తరచూ మంచాన పడిన ఆ మనిషి, వెంకటరాజు రాసిన జవాబుల్లో మాత్రం ఒక్కనాడు కూడా తుమ్మలేదు.