రోమశుడు నమిలిన మిరపకాయ

ఒక పెద్ద అడవిలో, లోకంలోని అడవులన్నిటికంటే తానే పురాతనమని చెప్పుకొనే అడవిలో, అధ్యక్ష పదవికి నిలబడేవారు సభ ఎదుట పచ్చిమిరపకాయ తిని, కంట తడి లేకుండా ప్రసంగించాలన్న నియమం ఉండేది. సృష్ట్యాది నుంచీ వస్తున్న ఆచారమని అధ్యక్షుడైన చిలుక హరితుడు చెప్పేవాడు. నిజానికి అక్కడ మొదటి మిరపమొక్క మొలిచింది అతని తాత వేసిన రెట్టలోంచి. చిలుకల నాలుకకు కారం తెలియదన్న సంగతి ఏ సభలోనూ చర్చకు రాలేదు.

ఆ వేసవిలో హరితుడు ఉన్న ఒక్క మడుగునూ రెక్కలున్నవాళ్లకే కేటాయించాడు. దాహంతో అల్లాడిన జంతువులు ఎలుగుబంటి రోమశుణ్ణి పోటీకి నిలబెట్టాయి.

రోమశుడికి దిగులు పట్టుకుంది. తేనెకు అలవాటుపడ్డ నాలుక అతనిది. అల్లం వాసన తగిలినా తుమ్మేవాడు.

"నమలకుండా మింగేయండి మామా," అంది నక్క.

"కడుపులో మండదూ?"

"మండనివ్వండి. సభకు కనబడేది మొహమే కదా."

సభ నాడు హరితుడు కాయ అందిస్తూ, "కాయ ఇంత లేదు, ఇంతటివాడు వణుకుతున్నాడేం?" అన్నాడు. కొమ్మల మీద పక్షులు కిచకిచలాడాయి.

రోమశుడు మింగుదామనే అనుకున్నాడు. కానీ పళ్ల మధ్య పడ్డదాన్ని నమలకుండా వదలడం ఎలుగుల వంశంలో లేదు. నమిలాడు. చెవుల్లోంచి పొగలు వచ్చినట్టయింది. కంఠస్థం చేసిన ప్రసంగం మొత్తం మరిచిపోయి, సభవైపు చూస్తూ బొటబొటా కన్నీళ్లు కార్చాడు.

ముసలి దుప్పి లేచి నిలబడింది. "ఇన్నేళ్లలో మన కష్టానికి ఏడ్చినవాడు ఒక్కడున్నాడటర్రా?"

"అబ్బే, అది మిరప..." అన్నాడు రోమశుడు.

"పైగా ఎంత వినయమో," అంది దుప్పి.

కంట తడి ఉండకూడదన్న నియమం కొట్టుకుపోయింది, కాయ తినే ఆచారం మాత్రం మిగిలింది. రోమశుడు గెలిచాడు. ఆ సాయంత్రమే మడుగు అందరికీ తెరిపించాడు. అంతవరకూ నిజాయితీగానే ఉన్నాడు.

మర్నాటి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. నక్క చాటుగా ఒక కాయ అందించింది. "కొరకండి మామా. పని రేపైనా చేసుకోవచ్చు, కన్నీళ్లు మాత్రం ఇవాళే కావాలి."

ఏడవడం పనిచేయడం కంటే తేలికని రోమశుడికి బోధపడింది. మడుగు గట్టు తెగితే ఏడ్చాడు. పూడిక తీయించమంటే మరికాస్త ఏడ్చాడు. కొన్నాళ్లకు ఒక్క కాయ చాలలేదు. రెండయ్యాయి, గుప్పెడయ్యాయి. తర్వాత తేనెపట్టు కూడా చప్పగా అనిపించి, మిరపకాయ నంజుకుంటే గాని మింగుడుపడేది కాదు.

"ఈమధ్య కాయల్లో పస తగ్గిందోయ్," అన్నాడొకసారి.

"కాయలు అవే మామా," అంది నక్క.

మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి మడుగులో బురదే మిగిలింది. రోమశుడు గుప్పెడు కాయలు కరకరా నమిలి, పొడి కళ్లతో పూట పొడుగునా ప్రసంగించాడు. పోటీకి నిలబడ్డ కుందేలు కాయ కొస కొరికి, వెక్కివెక్కి ఏడుస్తూ నేలమీద దొర్లింది.

"పాపం, ఎంత మెత్తని మనసో," అంది ముసలి దుప్పి, కళ్లు ఒత్తుకుంటూ.

రోమశుడు సలహా కోసం నక్క వైపు తిరిగాడు. అది అప్పటికే కుందేలు పక్కన, గుప్పిట్లో ఏదో దాచుకుని నిలబడి ఉంది.

కనుక నీతి: నాయకుడికి కారం అలవాటుపడేలోపే ఎన్నికలు జరుపుకొనే అడవి ధన్యమైనది.